ఐదో నెల, తోడు లేదు, నర్సింగ్ చదవాలి. డబ్బు ఎలా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమ్మాయికి 23 ఏళ్ళు. ఇంటర్ బైపీసీ, 71 శాతం. గుళ్ళో పెళ్ళి జరిగింది, రిజిస్టర్ చేయించుకోలేదు. కడుపుతో ఉన్నానని చెప్పిన వారానికే అతని ఫోన్ స్విచాఫ్ అయింది. ఇప్పుడు ఐదో నెల, ఉప్పల్‌లో అక్కాబావల దగ్గర ఉంటోంది. తెలిసినాయన ఒకరు మేనేజ్‌మెంట్ కోటాలో బీఎస్సీ నర్సింగ్ సీటు ఇప్పిస్తానని, ముందుగా లక్షా ఇరవై వేలు కట్టాలని అంటున్నాడు. వాళ్ళమ్మ మెడలో గొలుసు తాకట్టు పెడతానంటోంది. కట్టేయమంటారా? లోన్ వస్తుందా? అసలు కడుపుతో ఉన్నవాళ్ళని చేర్చుకుంటారా?

తల్లీ, కట్టొద్దు. గొలుసు అమ్మ మెడలోనే ఉండనీ.

నేను హైదరాబాద్‌లో 24 ఏళ్ళు నర్సింగ్ ట్యూటర్‌గా చేశాను. అందులో తొమ్మిదేళ్ళు స్కాలర్‌షిప్ ఫైళ్ళు చూసే పని కూడా నా నెత్తినే పడింది. మా పెద్దమ్మాయి వయసుదానివి కాబట్టి ‘నువ్వు’ అంటున్నాను, ఏమనుకోకు. నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఈ ఏడు ప్రసవం, కాగితాలు, ఎంట్రన్స్ చదువు. వచ్చే ఏడు సర్కారు సీటో, ప్రైవేట్‌లో కన్వీనర్ సీటో (అంటే సర్కారు కౌన్సెలింగ్‌లో వచ్చే సీటు). ఫీజు సంగతి సర్కారు ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ చూసుకుంటుంది. అది వచ్చేలోపు చేతిలో డబ్బు ఆడక కష్టమయ్యే నెలలు కొన్ని ఉంటాయి. గొలుసు అవసరం అప్పుడు పడుతుంది, ఇప్పుడు కాదు.

మేనేజ్‌మెంట్ సీటు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. తెలంగాణలో ఈపాస్, అంటే సర్కారు స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ద్వారా వచ్చే సాయం రెండు ముక్కలు. ఒకటి ఆర్‌టీఎఫ్, అంటే కాలేజీకి వెళ్ళే ట్యూషన్ ఫీజు. రెండోది ఎంటీఎఫ్, అంటే నీ ఖర్చులకు నీ ఖాతాలో పడే కొద్ది మొత్తం. ఈ రెండూ కన్వీనర్ కోటాలో వచ్చినవాళ్ళకే. మేనేజ్‌మెంట్ కోటాకు లేదు, స్పాట్ అడ్మిషన్‌కు (కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు) లేదు. ఆ పెద్దమనిషి ఈ ముక్క నీకు చెప్పి ఉండడు. ఆ లక్షా ఇరవై వేలు మొదటి ఏడాదివి మాత్రమే అయితే, ఇంకో మూడేళ్ళు అలాగే కట్టాలి, ఒక్క రూపాయి వెనక్కి రాదు. అదే సీటు, అదే క్లాసు, అదే వార్డు కన్వీనర్‌లో వచ్చిన అమ్మాయికి సర్కారు డబ్బుతో నడుస్తుంటుంది. మొదటి ఏడాది ఎలాగో కట్టి, రెండో ఏడాది మధ్యలో మానేసినవాళ్ళని నేను చూశాను. చదువు పోయింది, నగలూ పోయాయి.

ఆదాయ పరిమితులు కూడా రాసి పెట్టుకో. ఎస్సీ, ఎస్టీలకు కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షలు. బీసీ, ఈబీసీ (రిజర్వేషన్ లేని కులాల్లో పేదవాళ్ళు), మైనారిటీలకు పల్లెలో 1.5 లక్షలు, పట్నంలో 2 లక్షలు. వయసు పరిమితి ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 34, ఈబీసీలకు 25. నువ్వు ఏ వర్గమో రాయలేదు. ఈబీసీ అయితే మాత్రం ఒక్క ఏడాది కన్నా ఆలస్యం చేయకు.

ఇక చేర్చుకుంటారా అన్నది. పెళ్ళైనవాళ్ళూ చేరవచ్చని నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. గర్భిణి అన్న కారణంతో సీటు రద్దు చేసే రూలు నేనెప్పుడూ చూడలేదు. విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరు సడలింపు ఇచ్చేలా నియమాలు పెట్టుకోండని పై చదువుల నియంత్రణ సంస్థ యూజీసీ 2021 డిసెంబర్‌లో విశ్వవిద్యాలయాలకు రాసింది కూడా. కానీ కాగితం మీది హక్కు వేరు, వార్డులో గంటలు వేరు. థియరీలో 80 శాతం, ప్రాక్టికల్‌లో 80 శాతం ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ గంటలు నూటికి నూరు పూర్తి చేయాలి. సెలవు ఇచ్చినా ఆ గంటలు తర్వాత నువ్వే పూడ్చాలి. స్కాలర్‌షిప్‌కు మళ్ళీ వేరే లెక్క, 75 శాతం హాజరు.

నువ్వు చెప్పిన నెలల ప్రకారం దసరా, దీపావళి మధ్య ప్రసవం. నర్సింగ్ కౌన్సెలింగ్ కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే నడుస్తుంటుంది. పచ్చి బాలింతవి సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని క్యూలో నిలబడతావా?

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఆరో నెలలో చేరింది, ఎవరికీ చెప్పలేదు. పైన వదులు ఆప్రాన్ వేసుకునేది. పొద్దున ప్రేయర్‌లో కళ్ళు తిరిగి పడిపోతే అప్పుడు తెలిసింది మాకు. జనవరిలో కాన్పు. నలభై రోజులకే వచ్చేసింది పాపం, కానీ అప్పటికే హాజరు పడిపోయింది. డిటెయిన్ చేశారు, అంటే అదే ఏడాది మళ్ళీ చదవాలన్నారు. పై సంవత్సరానికి వెళ్తేనే స్కాలర్‌షిప్ రెన్యువల్ కాబట్టి అదీ ఆగిపోయింది. మళ్ళీ చదివిన ఏడాది ఫీజు వాళ్ళన్నయ్య అప్పు చేసి కట్టాడు. దాచడం ఆమె తప్పని నేను అనను. చెబితే పంపించేస్తారని భయపడింది, ఆ భయం పోగొట్టే మాట మాలో ఒక్కరం కూడా అనలేదు. ఆ ఒక్క ఏడాది ఆగి ఉంటే ఫీజు దండగ అయ్యేది కాదని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే ఈ ఏడు వదిలెయ్. వృథా కాదు, చేయాల్సింది చాలా ఉంది.

ముందు ప్రసవం ఖర్చు. ఇది చదువు ఖర్చు కాదనుకుంటారు. నా లెక్కలో ఇదే మొదటి ఫీజు. నా స్టూడెంట్ ఒకామె ఇంటి దగ్గరి నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ కాన్పుకు 70 వేలు కట్టింది. ఆ డబ్బుంటే మూడేళ్ళు బస్సు, పుస్తకాలు, పాలు అన్నీ గడిచిపోయేవి. నువ్వు గాంధీలోనో, పేట్లబుర్జులోనో, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రిలోనో ఇప్పుడే పేరు రాయించుకో. రద్దీ ఉంటుంది, కసురుకుంటారు, ఒక్కోసారి మంచం దొరకదు. నేను అబద్ధం చెప్పను. కానీ రాత్రి రెండింటికి ఏదైనా తేడా వస్తే పెద్ద డాక్టరు, రక్తం, ఆపరేషన్ థియేటర్ ఉండేది అక్కడే. చెకప్‌లకు తీసుకెళ్ళి దింపడానికి 102 అమ్మఒడి బండి ఉంది, ఉచితం. అత్యవసరమైతే 108.

అంగన్‌వాడీలో కూడా పేరు ఇవ్వు. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. అక్కడికి వెళ్ళి తినడం నామోషీ అనుకోకు. కేసీఆర్ కిట్ పేరుతో 2017 జూన్‌లో మొదలైన పథకంలో సర్కారు దవాఖానాలో కాన్పైతే అబ్బాయికి 12 వేలు, అమ్మాయికి 13 వేలు విడతలుగా ఇస్తామన్నారు. ఆ డబ్బు ఏళ్ళ తరబడి పడని తల్లులున్నారు కాబట్టి, వస్తే సంతోషం, నీ లెక్కలో మాత్రం దాన్ని కలపకు.

తర్వాత కాగితాలు. నేను చూసిన ఫైళ్ళలో డబ్బు ఆగిపోయింది అర్హత లేక కాదు, చాలావరకు పేరు కలవక. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకోటి. పెళ్ళయ్యాక ఆధార్‌లో అతని ఇంటిపేరు చేర్పించావా? చేర్పించి ఉంటే ఇప్పుడే పాత పేరుకు మార్పించుకో. ఈపాస్ పదో తరగతి వివరాలతో ఆధార్‌ను పోల్చి చూస్తుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా మీసేవ చుట్టూ తిరగడమే. ‘లక్ష్మి’కి చివర ఇంగ్లిష్‌లో ఒక ‘ఐ’ ఎక్కువైందని ఒకమ్మాయికి ఏడు నెలలు ఆగింది. బ్యాంకు ఖాతా నీ ఒక్కదాని పేరునే ఉండాలి, ఆధార్‌తో లింకవ్వాలి. అతనితో జాయింట్ ఖాతా ఉంటే దాన్ని ఇవ్వకు.

ఆదాయ సర్టిఫికెట్ ఎవరి పేరున అన్నది నీలాంటివాళ్ళకు అసలు చిక్కు. నీ పేరు ఇంకా అమ్మానాన్నల రేషన్ కార్డులో ఉంటే పని సులువు, వాళ్ళ ఆదాయం మీద తీసుకో. బావగారి ఇంట్లో ఉంటున్నంత మాత్రాన ఆయన జీతం నీ ఆదాయం కాదు, విచారణకు వచ్చినవాళ్ళకు ఆ మాట స్పష్టంగా చెప్పు. అమ్మానాన్నలను కూడా అప్పుడు ఇంట్లో ఉండమను.

ఇంకో జాగ్రత్త. ఒక ఫారంలో పెళ్ళి కాలేదని, ఇంకో ఫారంలో పెళ్ళయిందని రాయకు. ఏ క్లర్కో ‘ఎందుకమ్మా తలనొప్పి, అన్‌మ్యారీడ్ అని కొట్టెయ్’ అంటాడు. రేపు నువ్వు భరణం కేసు వేస్తే అవతలి లాయరు ముందు తీసేది ఆ కాగితాన్నే.

భరణం మాట వచ్చింది కాబట్టి. చదువుకు డబ్బు ఎక్కడ అని అడిగావు గానీ, అతని దగ్గర అడగొచ్చన్న ఊసే ఎత్తలేదు. రిజిస్టర్ కాకపోతే పెళ్ళే కాదని అతనంటే నమ్మకు. హిందూ వివాహానికి జరగాల్సిన తంతు జరిగితే చాలు, రిజిస్ట్రేషన్ లేదని పెళ్ళి చెల్లకుండా పోదు. ఫొటోలు, పూజారి, వచ్చిన నలుగురు, వీటిని ఇప్పుడే భద్రం చేసుకో. ఫోన్‌లో మెసేజ్‌లు కోపంతో తుడిచెయ్యకు. భరణం అడిగే సెక్షన్‌ను ఇదివరకు సీఆర్‌పీసీ 125 అనేవారు, 2024 జూలై 1 నుంచి అదే దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144వ సెక్షన్. పెళ్ళి సంగతి ఏమని తేలినా బిడ్డకు మాత్రం తండ్రి నుంచి భరణం హక్కు ఉంటుంది. కేసు నడుస్తుండగానే మధ్యంతర భరణం అడగవచ్చు. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చెయ్యి. బెదిరింపులు వస్తే మహిళల హెల్ప్‌లైన్ 181. కోర్టు డబ్బు ఎప్పుడొస్తుందో నమ్మకం లేదు, నెలనెలా వస్తుందనీ లేదు, కానీ వచ్చిన నెల అది బిడ్డ పాల డబ్బు.

అతను ఒప్పుకోకపోతే బిడ్డ బర్త్ సర్టిఫికెట్ ఎలా అని రేపు భయపడతావు. 21 రోజుల్లోపు నమోదు చేయించు. తండ్రి పేరు చెప్పకుండానే ఒంటరి తల్లి అఫిడవిట్ మీద బర్త్ సర్టిఫికెట్ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2015లోనే ఒక అవివాహిత తల్లి కేసులో చెప్పింది. అయితే నీది పెళ్ళి, భరణం వేసే ఉద్దేశం ఉంటే తండ్రి పేరు రాయించడమే మేలు. దీన్ని మాత్రం లాయరును అడిగి చెయ్యి, నా మాట మీద కాదు.

ఒంటరి మహిళల పెన్షన్ నెలకు 2,016 రూపాయలు. విడిపోయి ఏడాది దాటాలన్న షరతు ఉంది. ఏడాది నిండాక దరఖాస్తు పెట్టు.

సీటు విషయానికొస్తే నా వరస ఇదీ: సర్కారు బీఎస్సీ, సర్కారు జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), ఆ తర్వాత ప్రైవేట్ కన్వీనర్. బీఎస్సీకి ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, బైపీసీ వాళ్ళ పేపర్ రాయాలి. పరీక్ష నాటికి బిడ్డకు ఆరేడు నెలలు నిండుతాయి. ఇప్పటినుంచి రోజుకు రెండు గంటలు బాటనీ, జువాలజీ తిరగేసినా నడుస్తుంది. జీఎన్‌ఎంకు ఇంటర్ మార్కులు ముఖ్యం, నీ 71 శాతం తక్కువేమీ కాదు. బీఎస్సీ నాలుగేళ్ళు, జీఎన్‌ఎం మూడేళ్ళు. చంటిపిల్ల ఉన్నదానికి ఒక ఏడాది ముందు జీతం మొదలవడం చిన్న విషయం కాదు. సర్కారు స్టాఫ్ నర్సు పోస్టుకు రెండూ అర్హతే. బీఎస్సీ కావాలంటే తర్వాత పోస్ట్ బేసిక్ రెండేళ్ళు చేసుకోవచ్చు. జీఎన్‌ఎం అంటే చిన్నచూపు చూసేవాళ్ళు ఇరవై మంది తగులుతారు, వాళ్ళెవరూ నీ ఇంటి అద్దె కట్టరు.

సర్కారు సీటులో స్టైపెండ్ ఉంటుంది, ఆలస్యంగానైనా పడుతుంది. ఒక చిక్కు, చాలాచోట్ల హాస్టల్లోనే ఉండాలంటారు. చేరిన రోజే ప్రిన్సిపాల్‌ను కలిసి, బిడ్డ బర్త్ సర్టిఫికెట్ జతచేసి, ఇంటి నుంచి వచ్చిపోయేందుకు అనుమతి కోరుతూ ఉత్తరం ఇవ్వు. నోటితో అడిగితే ‘చూద్దాం’ అంటారు. కాగితం ఇస్తే జవాబు చెప్పక తప్పదు.

ఇక అసలు బాధ, డబ్బు ఆడని నెలలు. రీయింబర్స్‌మెంట్ మంజూరవుతుంది కానీ విడుదల కాదు. ప్రైవేట్ కాలేజీ ‘ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం’ అంటుంది, పరీక్ష ఫీజు కట్టేటప్పుడు పట్టుబడుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా అడుగుతారు. పరిశీలనకు చూపించి వెనక్కి తీసుకో, ఇవ్వక తప్పకపోతే అందినట్టు రసీదు రాయించుకో. యూనిఫాం రెండు జతలు, బూట్లు, ప్రొసీజర్ రికార్డులు, యూనివర్సిటీ రిజిస్ట్రేషన్, ఇవన్నీ మొదటి మూడు నెలల్లోనే మీద పడతాయి. బస్సు ఖర్చు మాత్రం తప్పింది. 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఆధార్‌లో తెలంగాణ చిరునామా ఉంటే చాలు.

ఎనిమిది నెలల బాబుతో జీఎన్‌ఎంలో చేరిన ఒకమ్మాయి ఉండేది. వాళ్ళమ్మను ఊరి నుంచి తెచ్చుకుని రామంతాపూర్‌లో ఒక గది తీసుకుంది. రికార్డు బుక్ వెనక పేజీలో నెల ఖర్చు రాసుకునేది, ఒకసారి దిద్దుతుంటే నా కంటపడింది. గది 3,500. పాలు 900. అమ్మ బీపీ మాత్రలు 240. గ్యాస్ అన్నచోట గీత కొట్టి ‘అక్క’ అని రాసి ఉంది. కింద ‘రికార్డు అట్టలు 60’ చుట్టూ ఎర్ర సున్నా. ఆ అరవై రూపాయలకే అట్ట వేయకుండా తెచ్చిందని నేను ముందురోజు క్లాసులో అరిచాను. పొద్దున పదకొండైతే వార్డులో ఆ పిల్ల మొహం మారిపోయేది, రొమ్ములు గడ్డకట్టి. సిస్టర్ల గదిలోకి వెళ్ళి చేత్తో పిండుకుని చేతిరుమాలు మార్చుకుని వచ్చేది. వార్డు సిస్టర్‌కు నేనే చెప్పి రోజుకు పదిహేను నిమిషాలు ఇప్పించాను. నువ్వూ అడుగు. వార్డు సిస్టర్లలో పిల్లల తల్లులే ఎక్కువ, కాదనరు.

ఆమె గట్టెక్కింది ఎలాగంటే, చేరేముందే పది నెలలకు సరిపడా డబ్బు పక్కన పెట్టింది. గొలుసు కుదువ పెట్టింది కూడా, కానీ మొదటి ఏడాది చివర్లో, రీయింబర్స్‌మెంట్ ఆగినప్పుడు, పరీక్ష ఫీజుకు. బ్యాంకులో పెట్టింది, వడ్డీ వ్యాపారి దగ్గర కాదు. తర్వాత స్కాలర్‌షిప్ పడగానే విడిపించింది. చిన్న ఫైనాన్స్ సంఘాల వారపు అప్పు జోలికి మాత్రం వెళ్ళకు, వార్డు డ్యూటీలో ఉండగా వసూలుకు ఇంటికొచ్చి కూర్చుంటారు.

లోన్ సంగతి. విద్యా రుణం 4 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, మార్జిన్ డబ్బూ, అంటే నీ వంతుగా ముందు కట్టేదీ అడగరు. సహ రుణగ్రహీతగా అమ్మో నాన్నో సంతకం చేయాలి. కోర్సు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు మొదలవ్వవు, కానీ వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఫీజు, హాస్టల్, పుస్తకాలు అందులో వస్తాయి, బిడ్డ ఖర్చులు రావు. 2024 నవంబర్‌లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి గురించి ఎవరైనా చెబితే, అది ఎంపిక చేసిన కొన్ని వందల సంస్థలకే, గల్లీలోని నర్సింగ్ కాలేజీకి కాదని గుర్తుంచుకో. కన్వీనర్ సీటు ఉండి, రీయింబర్స్‌మెంట్ ఆలస్యం అవుతుందనుకుంటే చిన్న మొత్తానికి లోన్ తీసుకో. మేనేజ్‌మెంట్ సీటు కోసం వద్దు.

బెంగళూరు వైపు సీట్లు చౌక అని ఇంకో ఏజెంటు వస్తాడు. ఇక్కడి రీయింబర్స్‌మెంట్ అక్కడి మేనేజ్‌మెంట్ సీటుకు రాదు, చంటిబిడ్డను అక్క దగ్గర వదిలి అంత దూరం వెళ్ళాలి. కాదనుకో.

ఈ నెలలో ఒక పని చెయ్యి. ఆ పెద్దమనిషిని కాలేజీ పేరు కాగితం మీద రాసిమ్మను, నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉందో లేదో చూడు. రాసివ్వడు, చూడు కావాలంటే. తర్వాత పదో తరగతి మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టుకుని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒక్కో అక్షరం సరిచూసుకో. తేడా ఉంటే ఏమిటో ఇక్కడే రాయి, ఎక్కడ సరిచేయించాలో చెబుతాను. నంబర్లు, ఫొటోలు మాత్రం పెట్టకు.